సాగదీసిన స్క్రీన్ మీద ఒక మొహం

2022 ఎండాకాలం. అప్పటికి నేను మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఎచింగ్ ఆపరేటర్‌ని. ఎచింగ్ అంటే నల్ల గ్రానైట్ పలక మీద లేజర్‌తో ఫోటో చెక్కడం. సమాధి రాళ్ళే ఎక్కువ వచ్చేవి. ముందు ఫోటోని కంప్యూటర్‌లో శుభ్రం చేసి ఇంటివాళ్ళకి చూపిస్తాం. వాళ్ళు సరేనన్నాకే మెషిన్‌కి ఎక్కిస్తాం. రాతి మీద చిన్న దిద్దుబాటు కూడా కుదరదు, పలకంతా అరగదీసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

నాకో పిచ్చి ఉండేది. తుపాకీ పట్టుకున్నవాడి కళ్ళలోంచి చూస్తూ ఆడే షూటర్ ఆటలు. ఆన్‌లైన్ పోటీల్లో మా టీమ్‌కి కాస్త పేరు కూడా ఉండేది. మాలాంటివాళ్ళలో చాలామంది స్ట్రెచ్‌డ్ రిజల్యూషన్ వాడతారు. పక్కలు కత్తిరించిన బొమ్మని వెడల్పాటి స్క్రీన్ నిండా అడ్డంగా సాగదీయడమే అది. ఎదుటివాడు లావుగా కనిపిస్తాడు, తలకి గురి తేలికవుతుందని నమ్మకం. నిజానికి వాడు ఎంత లావైతే స్క్రీన్ మీద అంత వేగంగా పక్కకి జరుగుతాడు, కాబట్టి లాభం సగం మన మనసులోనే. అయినా అలవాటైన కన్ను ఒప్పుకోదు. ఓనరు గారు భోజనానికి ఇంటికెళ్ళగానే ఆఫీసు కంప్యూటర్ స్క్రీన్‌ని సాగదీసి ఓ ఆట వేసేదాన్ని. ఆయన బండి చప్పుడు వినపడేలోపు మళ్ళీ మామూలుగా మార్చేసేదాన్ని.

ఒకరోజు ఆట మధ్యలో రత్తమ్మ గారు వచ్చారు. వాళ్ళది చిలకలూరిపేట దగ్గర పల్లె, మిరప రైతులు. భర్త చాలాకాలం జబ్బుపడి పోయారు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫోటో ఫోన్‌లో చూపించారు. తెల్లచొక్కా, నిండు బుగ్గలు.

"ఆఖర్న బాగా చిక్కిపోయారమ్మాయ్. చూసినోళ్ళందరికీ ఆ మొహమే గుర్తుండిపోయింది. రాయి మీదన్నా ఇట్టా నిండుగా ఉండాలి" అన్నారు.

ఆట మూసేశాను గానీ స్క్రీన్ మార్చడం మరిచిపోయాను. ఫోటో తెరిస్తే మొహం పళ్ళెమంత ఉంది. ఫోన్‌లో తీసిన ఫోటోలు ఇలాగే ఏడుస్తాయనుకుని, రెండు పక్కల నుంచి నొక్కి సన్నబరిచాను. ఆవిడ వంగి చూసి, "ఇదే. అచ్చం మా ఆయనే" అన్నారు. ఆవిడ వెళ్ళాక స్క్రీన్ సరిచేశాను. మర్నాడు ఫైలు మెషిన్‌కి ఎక్కించేటప్పుడు కొలతలు చూశాను, మొహం చూడలేదు. చెక్కడం అయ్యాక చూసినా, ఆ మనిషిని ఎరగను కదా, బాగానే వచ్చిందనుకున్నాను.

రాయి తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు రత్తమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. "ఇది ఆసుపత్రి మొహమమ్మా" అన్నారు.

ఓనరు గారు ఫైలు తెరిపించారు. మామూలు స్క్రీన్ మీద కూడా, రాతి మీద ఉన్నట్టే, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. "మీరు చూసి బాగుందన్నది దీన్నేనండి" అన్నారాయన మర్యాదగానే. అప్పుడు వెలిగింది నాకు, ఆ రోజు సాగదీసిన స్క్రీన్ మీద చూసి, బాగున్న మొహాన్నే నొక్కేశానని. చెబితే ఆఫీసులో ఆటలాడుతున్న సంగతి బయటపడుతుంది. నోరు మెదపలేదు.

"దీన్నా నేను బాగుందన్నాను?" అన్నారావిడ, తనలో తనే.

"మీ తృప్తి కోసం మళ్ళీ చేసిస్తానండి" అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నదానిలా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కొత్తగా ఫోటో సిద్ధం చేసి కబురు పెడితే ఆవిడ వచ్చారు గానీ, స్క్రీన్ వంక చూడనన్నారు. "నన్నడగొద్దమ్మాయ్. మా మరిది వచ్చి చూసి చెప్తాడు. ఇన్నేళ్ళు కాపరం చేసి ఆయన మొహమే మర్చిపోయాను. కళ్ళు మూసుకుంటే మంచంలో ఉన్న మనిషే కనపడుతున్నారు."

ఓనరు గారు పక్కనే ఉన్నారు. ఉంటే ఉన్నారనుకున్నాను. పాత ఫైలు తెరిచి, ఆవిడ ముందే స్క్రీన్ సాగదీశాను. నిండు బుగ్గలతో ఆయన కనిపించారు. ఆట సంగతి, ఆ రోజు మరిచిపోయిన సంగతి, తెలిసి కూడా నోరు మూసుకున్న సంగతి మొత్తం చెప్పేశాను.

"అయితే ఆవేళ నేను చూసింది ఈయన్నేనా?"

"ఈయన్నేనండి. మీరు సరిగ్గానే చూశారు."

ఆవిడ నా వైపు తిరిగారు. "ఈ ముక్క ఆ రోజే చెప్తే నీ సొమ్మేం పోయేదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ తిట్లేవో తర్వాత ఓనరు గారు తిట్టారు, ఉద్యోగం మాత్రం తీసేయలేదు.

ఇప్పుడు ఏ ఫోటో అయినా కాగితం మీద ప్రింటు తీసి చేతికిస్తాను. ఇంటివాళ్ళు తేడా ఉందంటే, ముందు బాగుందన్నారు కదా అని ఎత్తిచూపను, నా వైపు ఏం జరిగిందో ముందు చూసుకుంటాను. ఆ రోజు నా కళ్ళెదురుగా ఒక మనిషి భర్త మొహం మర్చిపోయానని నమ్మేస్తుంటే, నేను నా ఉద్యోగం చూసుకున్నాను.