కూపీ భిక్షువు

భిక్షువు కాకముందు ఆయన బీమా కంపెనీలో పనిచేసేవాడు. దుకాణం తగలబడినా, గోదాము కాలినా, అది దానంతటదే అంటుకుందా, ఎవరైనా అంటించారా అని తేల్చే ఉద్యోగం. కాలిన గోడ ముందు గొంతుక్కూర్చుని మసి చారలు చూసేవాడు. బూడిదను వేళ్లతో నలిపి వాసన చూసేవాడు. ఎదుటివాళ్లు చెప్పే మాటకంటే, చెప్పేటప్పుడు ఎటు చూస్తున్నారన్నదే ఆయనకు ముఖ్యం. ఆఫీసులో అందరూ ఆయన్ని కూపీ అనేవారు. ఆ పేరు ఇంటిదాకా పాకింది. పెళ్లి చేసుకోలేదు, అక్కాబావల ఇంట్లో మేడ మీద గదిలో ఉండేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే చాలు, పొద్దున వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారని పట్టేసేవాడు. వీడితో కలిసి నాలుగు ముద్దలు తినాలన్నా సాక్ష్యం చెప్పుకోవాల్సి వస్తోందని అక్క విసుక్కునేది.

ఊరి చివర ఒక బౌద్ధ విహారం ఉండేది. ఒక మధ్యాహ్నం అక్కడి ధ్యానమందిరంలో మంటలు లేచి, పక్కనున్న పుస్తకాల గది సగం కాలిపోయింది. విచారణకు కూపీని పంపారు. గోడ మీద మసి కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ విచ్చుకుంది. ఆ మొదలు సరిగ్గా పెద్ద భిక్షువు కూర్చునే చాప ఎదుట ఉంది. పెద్దాయన పేరున్న ధ్యాన గురువు. క్షణక్షణం మెలకువతో ఉండమని ఆయన చెబుతుంటే వినడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. నిప్పు ఎలా అంటుకుందని కూపీ అడిగితే తెలియదన్నాడు. ఆ మాట అంటూ గోడకేసి చూశాడు.

కూపీకి ఆ చూపు చాలు. ఎవరూ కావాలని చేసింది కాదని కంపెనీ విచారణ ముగించేసింది గానీ, ఆయన ముగించలేదు. సెలవు రోజుల్లో ధ్యానం నేర్చుకుంటాననే వంకతో విహారానికి వెళ్లడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు కళ్లు మూసుకుంటే, తను రెప్పల సందులోంచి పెద్దాయన్నే చూస్తూ కూర్చునేవాడు. వంటాయన్ని మాటల్లో పెట్టేవాడు. తోట ఊడ్చేవాడి దగ్గర కూపీ లాగేవాడు. ఏమీ తేలలేదు.

కానీ అలా కదలకుండా కూర్చోగా కూర్చోగా, గురువులో కనబడనిది తనలో కనబడసాగింది. ఉన్నట్టుండి కోపం భగ్గుమనేది. ఇది ఎక్కడ రాజుకుంది? ఎవరు అంటించారు? ఆ ప్రశ్నలు అలవాటైనవే; అడగాల్సింది తననే కావడం కొత్త. ఇంటికొచ్చి అవన్నీ కాగితాల మీద పెట్టేవాడు. విహారానికి వచ్చే ఒక ప్రెస్సు యజమాని చదివి, చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. సొంత ఆలోచనల్ని బోనులో నిలబెట్టి గుచ్చి గుచ్చి అడిగే ఆ రాతలు జనానికి నచ్చాయి.

ఇంట్లో మాత్రం ఎవరికీ నమ్మకం కుదరలేదు. దీని వెనక ఒక ఆడమనిషి ఉండి తీరాలని అక్క అనుమానం. ఆఫీసులో ఏదో వెలగబెట్టి తప్పించుకు తిరుగుతున్నాడని బావ అనుమానం. ఆయన ఉద్యోగం మానేసి, గుండు చేయించుకుని కాషాయం కట్టిన రోజున అక్క విహారానికి వచ్చింది. వంటింటి గిన్నెల మూతలు కూడా తీసి చూసింది. ఏమీ దొరక్క మరింత దిగులు పడింది. నిజానికి తను భక్తితో చేరాడో, ఆ గోడను దగ్గర్నుంచి చూడ్డానికి చేరాడో ఆయనకే సరిగా తెలియదు.

ఏళ్లు గడిచాయి. పెద్దాయన మంచం పట్టాడు. స్నానం చేయించేదీ, మందులిచ్చేదీ కూపీయే. ఒక ఉదయం పెద్దాయన గడ్డం గీస్తూ అడిగేశాడు.

"ఆ రోజు మీరు నాతో అబద్ధం చెప్పారు కదూ?"

"చెప్పాను. నిద్రపోయాను నాయనా. ధ్యానంలో కూర్చుని తూలి పడ్డాను. చెయ్యి తగిలి దీపం ఒరిగిపోయింది."

"అప్పుడే చెబితే ఏం కొంప మునిగేది?"

"ఏమీ లేదు. ఊరందరికీ మెలకువ గురించి చెప్పేవాణ్ణి కదా. సిగ్గేసింది."

కూపీ కత్తి పక్కన పెట్టాడు. ఇంకో అనుమానం గొంతులోకి వచ్చేసింది.

"నన్ను చేర్చుకున్నది నా నోరు మూయించడానికేనా?"

పెద్దాయన ఈసారి గోడకేసి చూడలేదు.

"మొదట్లో అందుకే. లోపలుంటే బయట వాగవనుకున్నాను. పోనుపోను నువ్వంటే ఇష్టం కలిగింది. ఎప్పట్నుంచని అడక్కు, నాకే తెలీదు."

సగం గీసిన గడ్డంతో ఆయన్ని అలాగే వదిలి కూపీ తోటలోకి వెళ్లిపోయాడు. తన అనుమానం నిజమైనందుకు సంతోషం కలగలేదు. ఇన్నేళ్లూ మోసపోయానని ఒళ్లు మండింది. ఇంత పిసరు సిగ్గును నేరమనుకుని వెంటాడానే అని నవ్వూ వచ్చింది. ఎండ ఎక్కాక తిరిగి వెళ్లి మిగతా గడ్డం గీశాడు.

దీన్ని రాయమన్నది పెద్దాయనే. రాసి చదివి వినిపిస్తే, గురక కూడా పెట్టే ఉంటాను, అదీ కలుపు అన్నాడు. పుస్తకం రాగానే విహారం పెద్దలు మండిపడ్డారు. మంచాన పడ్డ మనిషి నోట ఏదో పలికించి పేరు కొట్టేయాలని చూస్తున్నాడని కూపీని నిలదీశారు. ఆ మాట చెవిన పడి, పెద్దాయన గోడ పట్టుకుని మందిరం దాకా నడిచొచ్చి, అందరి ముందూ ఒప్పుకున్నాడు. కొందరు ఆ రోజే వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఉండిపోయినవాళ్లు ధ్యానంలో కునుకు పడితే దాచుకోవడం మానేశారు.

కొన్నాళ్లకు పెద్దాయన పోయాడు. కూపీ అక్కడే ఉండి ఇప్పటికీ రాస్తున్నాడు. అక్క అప్పుడప్పుడూ వచ్చి కాసేపు కూర్చుంటుంది. ఆ పుస్తకం చదివి మొన్న అడిగింది: "ఇదంతా నిజంగా జరిగిందేనట్రా? నలుగురూ చదువుతారని కల్పించావా?"

నమ్మకపోతే వంటాయన్ని అడగమన్నాడు. ఆవిడ లేచి వెళ్లి అడిగింది.