ఏడో వీధిలో ఎర్సీలియా గారి ప్రకటనలు

బొగోటాలోని ఒక బస్ స్టేషన్లో ఎర్సీలియా బెర్నాల్ ముప్పై ఒక్క ఏళ్ళు మైకు ముందు కూర్చుంది. చూడ్డానికి పిడికెడంత మనిషి. గొంతు విప్పిందంటే మాత్రం ఇరవై ప్లాట్‌ఫారాల అవతల కునుకు తీస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి మూట సర్దుకునేవాడు. కొండచరియ విరిగి దారి మూసుకుపోయినా, బస్సు నాలుగు గంటలు ఆలస్యమైనా, జనం అద్దం మీద పిడికిళ్ళతో బాదుతున్నా, ఆవిడ నోట “గౌరవనీయులైన ప్రయాణికులారా” అన్న పిలుపు తప్ప ఇంకోటి రాలేదు. రిటైరైన రోజున తోటివాళ్ళు కేకు కోయించి, ఒక్కసారైనా ఎవర్నైనా తిట్టమని బతిమాలారు. ఎర్సీలియా సిగ్గుపడి కేకు ముక్క నోట్లో కుక్కుకుంది.

అలాంటి మనిషి అరవై మూడో ఏట, పట్టపగలు, ఏడో వీధి నడిమధ్యన, ఇద్దరు సన్యాసినుల ఎదుట ఒక బూతుమాట అంది.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు పొద్దున ఏడింటి నుంచి రెండింటి దాకా ఏడో వీధిలోకి కార్లు రావు. సైకిళ్ళు, స్కేట్లు, కుక్కలు, బుడిబుడి నడకల పిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, అందరికీ అదే దారి. ఎర్సీలియా పొరుగింటి రోస్మీరాతో కలిసి నడుస్తోంది. వాళ్ళ ముందు రోస్మీరా కుక్క మార్కేసా, పీపాలాగా దొర్లుకుంటూ పోతోంది. ఎర్సీలియా చేతిలో అప్పుడే కొన్న ఒబ్లేయా. పల్చటి రెండు బిస్కెట్టు రేకుల మధ్య నుంచి పాలపాకం కారుతోంది. కొరకబోతుండగా వెనకనుంచి సర్రుమని గాలి కొట్టింది. ఎర్రచొక్కా సైకిలువాడొకడు ఆవిడ మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయాడు. ఒబ్లేయా వెళ్ళి ఆవిడ మొహానికే అతుక్కుంది.

“దారిలో నిలబడి తిండేంటి! పక్కకి జరుగు, ముసలమ్మా!” అని వాడు తల కూడా తిప్పకుండా అరిచాడు.

అప్పుడొచ్చింది ఆ మాట. గొంతు సంగతి తెలిసిందే కదా, మూడు సందుల దాకా వినబడింది. పావురాలు గుంపుగా లేచాయి. సన్యాసినుల్లో పెద్దావిడ శిలువ గుర్తు వేసుకుంది. చిన్నావిడ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

ఇంటికొచ్చాక ఎర్సీలియా మూడుసార్లు నోరు పుక్కిలించింది. రోస్మీరా ఆవిడకి వేడి చాక్లెట్ కాచి, అక్కడి అలవాటు ప్రకారం కప్పులో జున్నుముక్క వేసి ఇచ్చింది.

“ఇంకోసారి అనవా వదినా, నేను సరిగ్గా వినలేదు,” అంటూ పొట్ట పట్టుకుని నవ్వింది.

“నోర్ముయ్యి. ముప్పై ఒక్క ఏళ్ళు కాపాడుకున్న నోరు ఇది.”

“సరే, ఏడవకు. వచ్చేవారం మా ఆయన చేతికర్ర తెస్తాను. వాడి చక్రంలో పెట్టామంటే తిక్క కుదురుతుంది.”

“పెడితే వాడు పడతాడు. మూతి పగులుతుంది. వాడికీ తల్లి ఉంటుంది కదా. నేను నోటితోనే చెప్తాను. మర్యాదగానే చెప్తాను.”

“నువ్వు మర్యాదగా మొదలుపెట్టేసరికి వాడు పక్క ఊళ్ళో ఉంటాడే!”

ఆ మాటా నిజమే. వారమంతా ఆలోచించినా ఎర్సీలియాకి దారి తోచలేదు. మళ్ళీ ఆదివారం వచ్చింది, వెనక మళ్ళీ అదే సర్రుమన్న చప్పుడు. మనిషి మాత్రం వేరు. ఈసారి ఆవిడ ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“గౌరవనీయులైన ప్రయాణికులారా, దయచేసి వినండి! నీలం హెల్మెట్ ధరించిన పెద్దమనిషి నిర్ణీత సమయం కన్నా ముందుగా నడుస్తున్నారు. తమరు వేగం తగ్గించవలసిందిగా ప్రార్థన. దారిలో పసిపిల్లలు, ఒక లావుపాటి కుక్క ఉన్నారు. ధన్యవాదాలు!”

వీధి ఆగిపోయింది. ఒకాయన కంగారుగా జేబులో టికెట్టు వెతుక్కున్నాడు. నీలం హెల్మెటువాడు బ్రేకు నొక్కి, అటూ ఇటూ చూసి, చెవులు కందిపోగా నడక కన్నా నెమ్మదిగా జారుకున్నాడు. నారింజరసం బండి దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఎర్సీలియాకి ఒళ్ళంతా గాల్లో తేలినట్టయింది.

ఇక ఆదివారాలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడ్డం మొదలైంది. ఒకరి ఒంటి గురించి అనకూడదు, తల్లిదండ్రుల ఊసెత్తకూడదు, చివర్న ధన్యవాదాలు మరవకూడదు అని తనకు తానే కట్టుబాట్లు పెట్టుకుంది. ఒకడు నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. ఇంకొకామె పిచ్చిదంది. ఇద్దరికీ శుభప్రయాణం కోరింది. ఆ తర్వాత మంచివాళ్ళని మెచ్చుకోవడం కూడా ఎత్తుకుంది.

“గంట మోగించి, పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళిన ఆకుపచ్చ టోపీ అమ్మాయికి స్టేషన్ తరఫున కృతజ్ఞతలు!”

దాంతో వచ్చింది చిక్కు. ఆ పొగడ్త కోసం ప్రతివాడూ గంట మోగించడమే. గంట లేనివాళ్ళు నోటితో “ట్రింగ్ ట్రింగ్” అనడమే. ఒక ముసలాయన మూడుసార్లు చుట్టూ తిరిగొచ్చి, “నన్ను చెప్పలేదమ్మా,” అని అలిగాడు.

ఆ గోలలోనే ఒకరోజు ఎర్రచొక్కావాడు దొరికాడు. ప్రకటన పూర్తవకముందే సైకిలు తిప్పుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పేరు విల్మార్, లిఫ్టుల మెకానిక్.

“ఏంటమ్మా, నన్ను ఊరందరి ముందూ నవ్వులపాలు చేస్తావా?”

“నవ్వులపాలు కాదు నాయనా, ప్రార్థన.”

“నా బాధ ఎవడికి తెలుసు? వారమంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు మధ్య చస్తాను. గాలి తగిలేది ఈ ఒక్క రోజే. వస్తే మీరేమో నలుగురేసి గోడ కట్టినట్టు అడ్డంగా నడుస్తారు! ఈ కుక్క తాడు చూడు, ఈ చివర నుంచి ఆ చివరకి! నీకేం తెలుస్తుంది, ఎప్పుడైనా సైకిలు ఎక్కావా?”

“లేదు,” అంది ఎర్సీలియా. ఒక్క క్షణం ఆలోచించి గొంతు సవరించుకుంది. “గౌరవనీయులైన పాదచారులారా! అడ్డంగా నడవవద్దని మనవి. కుక్క తాడు పొట్టిగా పట్టుకోవాలని రోస్మీరా గారికి ప్రత్యేక మనవి!”

“ఓసి ద్రోహీ!” అంది రోస్మీరా.

విల్మార్ మొహంలో బిగువు సడలింది. మీసాల కింద నవ్వొచ్చింది. “ఆ రోజు నా చొక్కాకి అంటిన పాలపాకం మీదేనా అమ్మా? తప్పైపోయింది,” అని తల గోక్కున్నాడు. ఆ వెంటనే సీటు కిందికి దించి, “ఎక్కండి. నేను పట్టుకుంటాను,” అన్నాడు.

ఎర్సీలియా లంగా దోపుకుని ఎక్కింది. పది గజాలు విల్మార్ పట్టుకున్నాడు. పదకొండో గజం దగ్గర వాలు మొదలైంది, చెయ్యి జారింది.

“బ్రేకు తల్లీ, బ్రేకు!” అని వాడు వెనకాలే పరుగు. వాడి వెనక రోస్మీరా, ఆవిణ్ణి లాక్కుంటూ మార్కేసా.

బ్రేకు ఎక్కడుంటుందో ఎర్సీలియాకి ఎవరూ చెప్పలేదు. ఉన్న ఆయుధం ఒక్కటే. “గౌరవనీయులైన ప్రయాణికులారా! దారి వదలండి! ఏమీ రాని ఒక స్త్రీ వస్తోంది! ఆలస్యానికి... కాదు, తొందరకి చింతిస్తున్నాం!” జనం రెండు పాయలుగా చీలిపోయారు. జుట్టు ముడి ఊడి వెనక్కి ఎగిరింది. ఎర్సీలియా నారింజరసం బండిని వెంట్రుకవాసిలో తప్పించుకుని, దారి పక్క గట్టు ఎక్కి, గడ్డిలో మెత్తగా దొర్లింది.

విల్మార్ వచ్చేసరికి ఆవిడ వెల్లకిలా పడి కుదుపులు కుదుపులుగా కదులుతోంది. వాడి మొహంలో నెత్తురు లేదు. “అమ్మా, ఎక్కడ తగిలింది?”

ఏడుపు కాదు, నవ్వు. కళ్ళనీళ్ళు తుడుచుకుని ఎర్సీలియా అంది: “ఇంత బాగుంటుందని ఒక్కడూ చెప్పలేదేంరా నాకు!”

మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు. సైకిలు పూర్తిగా వచ్చేసరికి ఆరు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు విల్మార్ ఏడింటికి కార్లు ఆగగానే వచ్చి, దారి ఖాళీగా ఉండగానే తన వేగమంతా తీర్చుకుంటాడు. జనం నిండాక ఆవిడ పక్కనే నత్తలా వస్తాడు. వాలు దగ్గర ఎర్సీలియా దిగి సైకిలు నడిపించుకుపోతుంది. దిగేముందు మాత్రం ఒక్కసారి ఆగి, ఆ కిందికి ఆశగా చూస్తుంది.