రేచల్ చెప్పిన పత్యం

నరసరావుపేటలోని ఓ ఆసుపత్రిలో నర్సుగా చేసే రేచల్‌కు పత్యం అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఆపరేషనైన ప్రతివాళ్లకూ ఇంటికి పంపే రోజున చెబుతుంది, పత్యాలేమీ లేవు, అన్నీ తినండని. అందరూ తలూపుతారు. ఇంటికెళ్లి నోరు కట్టుకుంటారు.

హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న వెల్దుర్తి ఇన్నయ్య అలాగే తిరిగొచ్చాడు. మనిషి ఎండిపోయాడు, కుట్ల దగ్గర చీము పట్టింది.

"ఏం పెడుతున్నావమ్మా?" డ్రెస్సింగు చేస్తూ అతని భార్య శౌరమ్మను అడిగింది రేచల్.

"వెల్లుల్లికారం, అన్నం. పప్పు పెడితే చీము పడుద్ది గదా."

"మరి ఇదేంది? అన్నీ పెట్టమన్నానా లేదా?"

"పత్యం లేని ఆపరేషన్ ఉంటదా? మీరు చెప్పడం మర్చిపోయారనుకున్నా."

రేచల్ గొంతు వార్డంతా వినిపించింది. "అయితే విను. ఇది గట్టి పత్యం. రోజూ రెండు గుడ్లు, ముద్దపప్పు. ఒక్క పూట తప్పినా నా దగ్గరికి రావద్దు!"

శౌరమ్మ భక్తిగా చేతులు జోడించింది.

మళ్లీ వచ్చేసరికి గాయం మానింది, ఇన్నయ్య బుగ్గలు పూడాయి. శౌరమ్మ మాత్రం నిష్ఠూరంగా చూసింది.

"ఇంత మంచి పత్యం తెలిసుండి మొదట్లోనే చెప్పలేదేంది సిస్టరమ్మా? ఉత్తపుణ్యానికి మా ఆయన కడుపు మాడ్చారు."