కాలువలు కట్టేసిన నెలలో కొబ్బరి పొట్టు తనిఖీ

1999 ఏప్రిల్‌లో నన్ను అమలాపురం డివిజన్‌కు ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసరుగా వేశారు. మా శాఖలో ఈ పోస్టును ఐ.పి.ఓ. అనేవారు. జిల్లాకు జనరల్ మేనేజరు గారు పెద్ద, ఆయన కింద అసిస్టెంట్ డైరెక్టర్లు, వారి కింద ఊళ్లు తిరిగే మేము. పోస్టు పేరులో ప్రోత్సాహం ఉన్నా మా పనిలో సగం అనుమానించడమే.

ఎందుకో చెప్పాలి. ఆ రోజుల్లో చిన్న పరిశ్రమ పెట్టాలనుకున్నవారికి ముందు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చేవాళ్లం. అది వారి ఉద్దేశాన్ని నమ్మి ఇచ్చేది. ఉత్పత్తి మొదలయ్యాక ఐ.పి.ఓ. వెళ్లి కళ్లతో చూసి రాస్తే శాశ్వత రిజిస్ట్రేషన్ వచ్చేది. పరిశ్రమల రేటుకు కరెంటు, సబ్సిడీ అన్నీ దాని వెనకే వచ్చేవి. దాంతో కొందరు తనిఖీ రోజుకు బావమరిది షెడ్డులోంచి మిషను తెచ్చి పెట్టి, సాయంత్రానికి తిరిగి పంపేసేవారు. ఒకే పిండిమరను మూడు ఊళ్లలో మూడు బోర్డుల కింద చూసినవాళ్లు మా ఆఫీసులో ఉన్నారు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలూ లెక్కలూ చెప్పారు, పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి రాశాను. అందుకేనేమో, చేత్తో పట్టుకుని చూస్తే తప్ప ఏదీ నాకు తలకెక్కేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన, నాకు సీనియరు, నాలుగు మాటలు చెప్పారు. బోర్డు చూడొద్దు, మోటారు మీద చెయ్యి పెట్టి చూడు. ముందు గుమ్మం చూడొద్దు, వెనక్కి వెళ్లి చెత్త చూడు. పనిచేసే చోట చెత్త ఉంటుంది, నాటకం ఆడే చోట ఊడ్చి ఉంటుంది. ఆయన ఇప్పుడు లేరు. ఉదయం దీపం పెట్టేటప్పుడు తలుచుకునే పేర్లలో ఆయనదీ ఒకటి.

ఆ నెలాఖరులో జనరల్ మేనేజరు గారు ఒక ఫిర్యాదు పంపించారు. అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో వీరవేణి అనే ఆవిడ కొబ్బరి పొట్టు యూనిట్ పెట్టింది. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొట్టును పీచు మిల్లుల వాళ్లు అప్పట్లో రోడ్డు పక్కన గుట్టలుగా పోసేసేవారు. వేసవిలో ఆ గుట్టలు అంటుకుని రోజుల తరబడి పొగ పెట్టేవి. ఈవిడ ఆ పొట్టును బాగు చేసి కడియం నర్సరీలకు అమ్ముతున్నానని అర్జీ పెట్టింది. అక్కడ ఉత్పత్తి లేదు, కడగడం లేదు, ఆరబెట్టడం లేదు, రోడ్డు పక్క చెత్తను సంచుల్లో కుక్కి ప్రభుత్వాన్ని మోసం చేస్తోంది అన్నది ఫిర్యాదు.

రాసినవాడు కింద సంతకం పెట్టాడు. పేరు బుల్లబ్బాయి గారు, కడియం నర్సరీలకు ఎర్రమట్టి, పశువుల గెత్తపు ఎరువు లారీల మీద తోలే కాంట్రాక్టరు. మాకు వచ్చే ఫిర్యాదుల్లో నూటికి తొంభై ఆకాశరామన్నలే. పేరు పెట్టి, తనిఖీకి నేనూ వస్తానని రాసిన మనిషిని నేను అప్పటివరకు చూడలేదు. ఇంత ధైర్యంగా రాశాడంటే నిజమే అయి ఉంటుందని నాకు ఆవిడ మీదే అనుమానం పడింది.

నేను వెళ్లేసరికి బుల్లబ్బాయి గారు సెంటర్లో మోటారు సైకిలు మీద సిద్ధంగా ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. రెండు చేతులూ జోడించారు. ఫిర్యాదుదారుడు తనిఖీ సమయంలో ఉండవచ్చు, నిబంధనల్లో అడ్డులేదు. ఆయన ముందు, నేను వెనక రిక్షాలో వెళ్లాం.

వీరవేణికి ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఆమె భర్త కడియం నుంచి ఉత్తరాదికి మొక్కల లోడు తోలే లారీ డ్రైవరు, ఆ సమయానికి ఊళ్లో లేడు. నన్ను చూసి "రండి మేడమ్ గారూ" అంటూ కుర్చీ తుడిచింది. నా వెనక మనిషిని చూడగానే ఆ గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

"ఈయన గారు కూడా ఆఫీసరేనాండి?" అంది.

"నేను ఫిర్యాదుదారుణ్ణమ్మా" అన్నారాయన.

"ఓహో. మట్టి అమ్మడం మానేసి ఇప్పుడు ఫిర్యాదులు తోలుతున్నారాండి?"

నేను షెడ్డు చూశాను. జల్లెడ మిషను ఉంది. మోటారు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. బెల్టు మీద దుమ్ము. పనివాళ్లు ఒక్కరూ లేరు. చుట్టూ తిరిగి చెత్త కోసం వెతికాను, లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. మా సీనియరు చెప్పిన గుర్తులన్నీ ఆవిడకు వ్యతిరేకంగానే ఉన్నాయి. పెరటి వైపు తడిక తలుపుకు తాళం.

తలుపు తియ్యమన్నాను. తాళంచెవి భర్త దగ్గర ఉండిపోయిందంది. పొట్టును ఎక్కడ కడుగుతారని అడిగితే "ఉందండి" అంది. ఎప్పుడు కడుగుతారంటే "నీళ్లున్నప్పుడండి" అంది. నీళ్లు లేని ఊరా ఇది, బోరు లేదా అంటే నా మొహం వంక చూసింది గాని జవాబు చెప్పలేదు.

"చూశారా మేడమ్, ఏముందిక్కడ?" అన్నారు బుల్లబ్బాయి గారు. "దీన్ని పరిశ్రమ అంటే మా ఇంటి పెంటకుప్ప కూడా ఫ్యాక్టరీయే."

తనిఖీ అక్కడితో ముగించి ఉండవచ్చు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ఆ జూన్ నెలాఖరుతో అయిపోతోంది. "ఉత్పత్తి లేదు" అని నేను రెండు ముక్కలు రాస్తే అది అక్కడితో రద్దు. మిషనుకు పరిశ్రమల రేటు కరెంటు ఇక రాదు, షెడ్డు మూతపడుతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. గుడ్డను రెండు చేతులతో మెలిపెడుతూ నిలబడి ఉంది, తాళం మాత్రం తియ్యలేదు. మోసం చేసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఇలా నోరు మూసుకుని నిలబడరు, మజ్జిగ ఇస్తారు, కథలు చెబుతారు. అదొక్కటే నాకు అతకలేదు.

నేను కాగితాలు సర్దుకుంటుంటే బుల్లబ్బాయి గారు తడిక దగ్గరికి వెళ్లి సందులోంచి లోపలికి చూస్తున్నారు. అటు చూస్తూనే మామూలుగా అడిగారు. "అది సరే గానీ వేణీ, ఆఖరి నీళ్లలో ఏం కలుపుతావు?"

నేను కలం మూత పెట్టేశాను. ఆయన సంతకం పెట్టిన ఫిర్యాదులో ఇక్కడ కడగడమే లేదని ఉంది. కడగని పొట్టుకు ఆఖరి నీళ్లు ఎక్కడివి?

ఫిర్యాదుదారుడి పని అయిపోయింది, ఇక వెళ్లవచ్చునని ఆయనతో చెప్పాను. ఇంకా ఉంటానన్నారు. యూనిట్ యజమానిని విడిగా విచారించే అధికారం నాకుందని చెప్పాను. మోటారు సైకిలు చప్పుడు మలుపు తిరిగేదాకా వీరవేణి కదల్లేదు. తరువాత బొడ్డున దోపుకున్న తాళంచెవి తీసింది.

"ఆయన కళ్ల ముందు తీస్తే రేపీపాటికి పక్కూళ్లో ఇంకోటి లేస్తుందండి. మీరు ఆయనతో కలిసొచ్చారు. మీరు ఆయన మనిషి కాదని నాకెవరు చెప్పారండి?"

పెరట్లో తాటాకు పందిరి కింద నాలుగు సిమెంటు తొట్టెలు ఉన్నాయి. నాలుగూ ఎండిపోయి ఉన్నాయి. అప్పుడు చెప్పింది. ఆ పక్క ఊళ్లలో డొక్కలను ఉప్పుటేరు నీళ్లలో నానబెడతారు, ఆ ఉప్పంతా పొట్టులోనే ఉండిపోతుంది. అలాగే మొక్క వేస్తే వేరు మాడిపోతుంది. బోరు వేస్తే ఆ ఊళ్లో వచ్చేదీ ఉప్పునీళ్లే. కాబట్టి కడగడానికి కాలువ నీళ్లు తప్ప దిక్కు లేదు. ఏటా ఏప్రిల్‌లో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఫిర్యాదు వచ్చింది సరిగ్గా కాలువలు కట్టేశాక. గోదావరి జిల్లాలో పుట్టినవాడెవడూ ఆ రోజులు తెలియక రాశాడనుకోవడానికి వీల్లేదు. చెత్త ఎందుకు లేదంటే, పక్కవాళ్ల చెత్తే ఆవిడకు సరుకు.

మరి కడగకుండా అమ్మవచ్చు కదా, కడియంలో అడుగుతున్నారు కదా అన్నాను. "ఒక్క లోడు మాడితే మళ్లీ నా మొహం చూస్తారాండి?" అంది.

ఫిర్యాదుదారుడి మాట పొసగలేదు గనుక ఈవిడ మాట నిజమని నేను అనుకోలేదు. ఎండిన తొట్టెలు ఎవరైనా కట్టించి పెట్టుకోవచ్చు. ఆ వారంలోనే కడియం వెళ్లి, తన దగ్గర పొట్టు కొంటాడని ఆవిడ చెప్పిన ఒక నర్సరీ ఆయనను కలిశాను. నేనెవరో, ఏ పని మీద వచ్చానో చెప్పగానే ఆయన మొదలుపెట్టాడు. ఎర్రమట్టితో నింపిన కవరు బరువు, అందుకని లారీలో మొక్కలు తక్కువ పడతాయి. పొట్టు కలిపితే కవరు తేలిక, అదే లారీలో ఇంకో వరస ఎక్కుతుంది, దారిలో తడపకపోయినా నాలుగు రోజులు తేమ నిలుస్తుంది. "బుల్లబ్బాయి కూడా వేణి సంచి ఒకటి పట్టుకెళ్లి చూసి, తనూ పొట్టు తెచ్చి కడిగాడండి. ఆకులు పసుపెక్కిపోయాయి. మీరు గవర్నమెంటు వాళ్లు కదా, ఆవిడతో చెప్పి నాకో రెండు లోడ్లు ముందు ఇప్పించకూడదాండి?" అన్నాడు. ఆ పని మా శాఖ పరిధిలో లేదని చెప్పి వచ్చేశాను.

నివేదికలో "కాలువల మూసివేత కారణంగా ఉత్పత్తి నిలిచి ఉంది, నీరు విడుదలైన తరువాత తిరిగి పరిశీలించవలసి ఉంది" అని రాశాను. జనరల్ మేనేజరు గారు ఫోను చేసి, లేదంటే లేదని రాసెయ్యక ఇంత ఆలోచనేంటమ్మా అన్నారు. ఉందని తేలినా లేదని తేలినా కళ్లతో చూసి రాయాలని ఉందండి అన్నాను. సరే, జూన్ దాటనివ్వకండి అన్నారాయన. ఆ వెసులుబాటు ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నీళ్లు వదిలారని తెలిసిన రెండో రోజు ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకు వెళ్లాను. రోడ్డు మీదికే మోటారు చప్పుడు వినిపించింది. నలుగురు ఆడవాళ్లు తొట్టెల్లో మోకాలి లోతున పొట్టు తొక్కుతున్నారు. వాళ్లలో వీరవేణి ఒకతె. "మళ్లీ ఎవర్నైనా వెంటబెట్టుకొచ్చారాండి?" అని నా వెనక్కి తొంగి చూసింది.

ఒక స్టీలు గ్లాసు తెప్పించుకున్నాను. మొదటి తొట్టెలో పొట్టు పిండి, భగవంతుణ్ణి తలుచుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. సముద్రం. రెండో తొట్టెలో ఉప్పదనం తగ్గింది. మూడో తొట్టెలో వెతుక్కోవలసి వచ్చింది. నాలుగో తొట్టెలో మామూలు కాలువ నీళ్ల రుచి, దాని వెనక ఇంకేదో. అది ఏమిటో వీరవేణి నాకు చెవిలో చెప్పింది. తనిఖీ నివేదికలో ముడి సరుకుల వరసలో "ఇతరములు" అని రాయడానికి నిబంధన ఒప్పుకుంటుంది కాబట్టి అలాగే రాశాను. అదేమిటో ఇప్పుడూ రాయను.

ముడి పదార్థం ఒక రూపంలో వచ్చి, దాని గుణం మారి, వేరొక వాడకానికి వెళుతుంటే దాన్ని తయారీ అంటారు. చెత్తను సంచిలో కుక్కితే అది కాదు. ఇక్కడ గుణం మారిందని నా నాలికే సాక్ష్యం. గడువుకు ముందే శాశ్వత రిజిస్ట్రేషన్ వచ్చింది.

మరుసటి సంవత్సరం బుల్లబ్బాయి గారి అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. కొబ్బరి పొట్టు యూనిట్, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కోసం. స్థలం వీరవేణి షెడ్డుకు మూడు ఊళ్ల అవతల, కాలువ గట్టునే. ఆ అర్జీలో అనుమానానికి గడి లేదు. ఉత్పత్తి మొదలుపెట్టాక వెళ్లి అదే గ్లాసు పరీక్ష చేశాను. ఆఖరి తొట్టె చప్పగా ఉంది, ఆ "వెనక ఇంకేదో" కూడా ఉంది. ఎలా తెలిసిందని అడిగాను. ఆవిడ దగ్గర మానేసిన పనిమనిషి ఇప్పుడు మా దగ్గరే ఉందండి అన్నారాయన, దాచలేదు. యూనిట్ నిజం, ఉత్పత్తి నిజం. సంతకం పెట్టాను.

ఆ కబురు నాకంటే ముందే వీరవేణికి చేరింది. తరువాత కలిసినప్పుడు "మీ చేత్తోనే రాసిచ్చారంటండి?" అంది. అవునన్నాను. "సరే లెండి. నేను పొట్టును ఇటుకల్లా నొక్కే మిషను చూసొచ్చాను. అది ఇంకా తేలిక. ఈసారి తనిఖీకి వచ్చేటప్పుడు ఒక్కరే రండి."

నేను ఆ డివిజన్ నుంచి బదిలీ అయ్యేనాటికి అలాంటి యూనిట్లు మరికొన్ని వచ్చాయి, రోడ్డు పక్కన పొట్టు గుట్టలు పొగ పెట్టడం మానేశాయి. పారేసేదానికి పీచు మిల్లులవాళ్లు రేటు చెప్పడం మొదలుపెట్టారు.

అప్పటినుంచి నా పరీక్షలకు ఒకటి చేర్చుకున్నాను. మోటారు మీద చెయ్యి పెట్టడం, చెత్త చూడడం అన్నీ అలాగే ఉంచి, దానితోపాటు ఫిర్యాదు చేసినవాడు ఏమంటున్నాడో కాక ఏమడుగుతున్నాడో వినేదాన్ని. లేని పరిశ్రమ మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఉంటారు గాని, దాని పెరట్లోకి తొంగిచూసేవాళ్లు ఉండరు.