దానంతటదే తిరిగిన టేపు

రెండువేల దశకం చివర్లో బిష్టుపూర్ బజారు దుకాణంలో అరచేతిలో ఇమిడే నల్లపెట్టె ఒకటి కొన్నాను. పక్కగది కంప్యూటర్లోని పాటల్ని తీగ లేకుండా అందుకుని, హాల్లోని ఆంప్లిఫయర్‌కి ఇవ్వడం దాని పని. ఆంప్లిఫయర్ నాన్నది. గోల్‌మురిలోని మా కంపెనీ క్వార్టర్లో మా అందరికన్నా దానికే మర్యాద ఎక్కువ.

నాన్న పోయి అప్పటికి ఏడాది. ఆంప్లిఫయర్ కింద టేప్ డెక్కు, అందులో ఒక క్యాసెట్టు అలాగే ఉండిపోయాయి. సొంతూళ్ళో ఉన్న నాయనమ్మకి చదువు రాదు. అందుకని నాన్న ఉత్తరానికి బదులు మైకులో మాట్లాడి, ఆ క్యాసెట్టు శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాడు. ఆవిడ దాని మీదే జవాబు రికార్డు చేయించి తిప్పి పంపేది. అలా పాత మాటలన్నీ చెరిగిపోయాయి. ఈ ఆఖరిది మాత్రం పంపకుండానే ఆయన పోయాడు. నాన్న గొంతు మాకు మిగిలింది అందులోనే. అమ్మ రోజూ డెక్కు దుమ్ము తుడిచేది, మీట మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం కొత్తపెట్టె తీగలు ఆంప్లిఫయర్‌కి తగిలించాను. డెక్కుతో సహా అన్నిటికీ కరెంటు ఒకటే స్విచ్ బోర్డు నుంచి. స్విచ్ వేశాను, పాట మొదలైంది. మనిషి లేని గదిలోంచి గాల్లో పాట రావడం అమ్మకి నచ్చలేదు. గుమ్మంలోనే నిలబడి విన్నది. కాసేపటికి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డెక్కు అద్దం వెనక క్యాసెట్టు చక్రాలు తిరుగుతున్నాయి. దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. అందులోంచి మాట లేదు, సన్నటి గరగర మాత్రం పాటకీ పాటకీ మధ్య వినిపిస్తోంది. ఇంజనీరునన్న పొగరంతా ఎటు పోయిందో, భయమేసింది. ఆపబోయాను.

"ఆపకురా," అంది అమ్మ. "మీ నాన్న మాటాడతన్నాడు. ఇనీ ధైర్నం నాకింకా రాలేదు. తిరగనీ."

ఇద్దరం నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాం. అమ్మ దానికి దణ్ణం పెట్టుకుంది. అరగంటకి ఒక పక్క అయిపోయి డెక్కు టక్కుమని ఆగింది. అప్పుడు ఆవిడకి ధైర్యం వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుని పెట్టమంది. కొత్తపెట్టె ఆపి, టేపు వెనక్కి తిప్పి, ప్లే నొక్కాను.

ఇందాకటి పాటే వచ్చింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా సంగతి అదే. నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు రేడియో పాటలు పట్టడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాడు. వేళకి అమ్మ గోడ స్విచ్ వేస్తే చాలు, కరెంటు రాగానే డెక్కు దానంతటదే రికార్డు చేసుకుంటుంది. ఆ ఏర్పాటు అలాగే ఉంది. రికార్డవుతోందని చెప్పే ఎర్రదీపం ఎప్పుడో పాడైపోయింది. ఆంప్లిఫయర్లో మోగిన పాటంతా ఆయన మాటల మీద పడింది. మేం దణ్ణం పెడుతూ కూర్చున్న అరగంటా ఆయన చెరిగిపోతూ ఉన్నాడు. నేను చేతులారా చేసిన పని అది.

అమ్మ స్పీకరు దగ్గరికి జరిగి చెవి ఆనించింది.

"పాట తగ్గించురా. ఆయన మాట ఇనపడతాలేదు."

తగ్గించాను. ఇంకా తగ్గించమంది.