నేను సినిమా తీయడం లేదు

ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా ఉద్యోగం మానేస్తే కారణం వెతకడం ఆ రోజుల్లో అందరికీ పనే. డైరెక్టరు మానేస్తే తాగుడన్నారు, నటుడు మానేస్తే జబ్బన్నారు. ఫైనాన్సు ఆఫీసు మనిషి మానేస్తే మాత్రం ఒకటే కారణం, సొంతంగా సినిమా తీస్తున్నాడు. తొంభైల మొదట్లో నేను మానేస్తానన్నప్పుడు నా నెత్తిన పడిన అనుమానం అదే. కాదన్నాను. అలా కాదనడమే నేను చేసిన తెలివితక్కువ పని. ఫిల్మ్‌నగర్ కొండ మీద ముహూర్తం కార్డులు అచ్చయ్యేదాకా సినిమా తీస్తున్నానని ఎవడూ ఒప్పుకోడు. "అబ్బే, అదేం లేదండీ" అన్నాడంటే కథా, హీరో కాల్షీట్లూ అన్నీ కుదిరిపోయాయని లెక్క.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మా షావుకారు హైదరాబాదు మనిషే, తాతలనాటి ధాన్యం వ్యాపారం. మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి ఇక్కడ స్థిరపడుతున్న కాలంలో ఆయన నిర్మాతలకు అప్పులివ్వడం మొదలుపెట్టాడు. ఇచ్చిన డబ్బు సినిమాలోకే వెళుతోందా, లేక నిర్మాత కట్టుకుంటున్న మేడలోకి వెళుతోందా అని చూసి రావడానికి ఒక మనిషి కావాలి. బీకాం చదివి కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నేను ఆ మనిషినయ్యాను. జూబిలీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలకు పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. బిల్లులో రెండు జనరేటర్లుంటే రెండూ వచ్చాయా, వస్తే రెండూ తిరుగుతున్నాయా అని చూడాలి. పెళ్ళి సీనుకు బోరబండ నుంచి జూనియర్ ఆర్టిస్టులు లారీ దిగుతుంటే, ఒకే మనిషి తలపాగా మార్చుకుని రెండోసారి దిగుతున్నాడేమో చూడాలి. నేను కనబడగానే సెట్టు మీద మాటలు ఆగిపోయేవి. ప్రొడక్షన్ మేనేజరు కుర్చీ వేయించి కాఫీ తెప్పించేవాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే ఏదో దాస్తున్నాడని నాకు అనిపించేది. మర్యాద చేయకపోతే ఇంకా పెద్దదే దాస్తున్నాడనిపించేది.

మేము మధురానగర్‌లో అద్దెకుండేవాళ్ళం. ఒక సాయంత్రం నేను గేటు తీసేసరికి లోపల మా ఆవిడా, అమ్మాయీ పడీ పడీ నవ్వుకుంటున్నారు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఏంటి సంగతి?" అన్నాను.

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకుండా నవ్వుతారా ఎవరైనా?"

మా ఆవిడ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. "మీరు ఇంటికి రావట్లేదండీ, తనిఖీకి వస్తున్నారు" అంది.

ముందు కోపం వచ్చింది. తరవాత భయం వేసింది. సెట్టు మీద నన్ను చూసి నోళ్ళు మూసుకోవడం నా ఉద్యోగంలో భాగం, జీతంలో భాగం. ఇంట్లో నా కూతురు కూడా అలా నోరు మూసుకుంటుంటే ఇంక నేనెక్కడికి వెళ్ళాలి? ఆలోచించి చూస్తే తప్పు వాళ్ళది కాదు. పాలవాడు పాలు పోస్తుంటే నేను పాలు చూడటం మానేసి వాడి చెయ్యి చూస్తున్నాను.

ఆ రోజుల్లోనే ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రకటన కనబడింది. అదొక విదేశీ సేవాసంస్థ. తూర్పు ఆఫ్రికాలో కరువు ప్రాంతాల్లో జనానికి అన్నం పెట్టే కేంద్రాలు నడుపుతోంది, లెక్కలు తెలిసినవాళ్ళు కావాలి. జీతం చెప్పుకోదగ్గదేం కాదు. నన్ను పట్టుకున్నది జీతం కాదు. ఆకలేస్తోందని వచ్చి నిలబడ్డవాణ్ణి "నిజంగా ఆకలేనా?" అని ఎవరూ అడగరు కదా అనుకున్నాను. మనిషి చెప్పిన మాటను మాటగా తీసుకునే ఉద్యోగం జన్మకొక్కటి చేయాలని నాకు గట్టిగా ఉండేది. ఢిల్లీ వెళ్ళి ఇంటర్వ్యూ నెగ్గాను. ఇక ఒక్క మెట్టే మిగిలింది. వాళ్ళ ఆఫీసరమ్మ హైదరాబాదు వచ్చి మా షావుకారును ఎదురుగా కూర్చోబెట్టి నా గురించి అడుగుతుంది. ఆయన మాట బాగుంటే ఉద్యోగం నాది. లేకపోతే లేదు.

షావుకారుకు విషయం చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, "ఎవలు హీరో?" అన్నాడు.

"సినిమా కాదండీ. కరువు."

"కరువు మీద సినిమా ఎవడు జూస్తడు?"

"సినిమా తీయడం లేదండీ నేను."

"గట్లనే అంటరు అందరు" అన్నాడు ఆయన.

ఆ వారం మా ఇంటికి వచ్చినంతమంది జనం మా పెళ్ళికి కూడా రాలేదు. శ్రీనగర్ కాలనీ నుంచి ఒక కథారచయిత వచ్చి నేను లేనప్పుడు మా వరండాలో కూర్చుని మొత్తం కథ చెప్పాడు. మా ఆవిడ ఏడ్చి, పెసరట్లు వేసి పెట్టింది. నేను వచ్చి ఆఫ్రికా వెళుతున్నానయ్యా అని చెబితే లేచి నిలబడి, "పాటలకాండీ? అక్కడ మనవాళ్ళెవరూ ఇంతవరకు కెమెరా పెట్టలేదు!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కొబ్బరికాయ ఎప్పుడు కొడుతున్నారని కిళ్ళీ కొట్టువాడు అడిగాడు. మా ఇంటి ఓనరు సాయంత్రం పూట వచ్చి, "సార్, సినిమా తీస్తున్నరంట గద. మంచిది. వచ్చే నెలకెళ్ళి కిరాయి జర పెంచుతున్న" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఎంత గట్టిగా కాదంటే అంత దోషినైపోతున్నాను.

చివరికి మా ఆవిడ కూడా. "నిజం చెప్పండి, నా నగలేమైనా తాకట్టు పెట్టారా?" అంది. నేను జవాబు చెప్పేలోపే లోపలికి వెళ్ళి బీరువా తెరిచి చూసుకుని వచ్చింది. "ఉన్నాయి" అంది. ఆ మాటలో కాస్త నిరాశ కూడా వినబడింది నాకు. నేను నేర్పిన విద్యే అది.

ఆ కొండ మొత్తం మీద నన్ను నమ్మిన మనిషి ఒక్కడే, మా ఆఫీసు క్యాషియరు. నాకన్నా పెద్దవాడు, సినిమావాళ్ళతో పాటు మద్రాసు నుంచి వచ్చినవాడు. సాయంత్రం ఆయన స్కూటరు వెనక కూర్చునే నేను ఇంటికి చేరేవాణ్ణి. "వెళ్ళండి గురువుగారూ, ఈ కొండ మీకు పడదు" అన్నాడు. ఆయన ఒక్కడి మీదే నాకు ఎన్నడూ అనుమానం కలగలేదు. అనుమానించడానికి ఒకసారి ఆయనే అవకాశం ఇచ్చాడు కూడా. కొన్నేళ్ళ కిందట ఒక నిర్మాత తరఫున మాట్లాడుతూ, బిల్లుల్ని చూసీ చూడనట్టు వదిలేస్తే మనిద్దరికీ ముడుతుంది, చెరిసగం తీసుకుందామన్నాడు. వద్దండీ అన్నాను. సరేనన్నాడు. ఇంట్లో ఏం ఇబ్బందో పాపం అనుకుని ఆ సంగతి షావుకారుకు చెప్పలేదు. ఆ ఉద్యోగంలో నేను పైకి చెప్పకుండా కడుపులో పెట్టుకున్న మాట అదొక్కటే.

చివరికి ఆ ఆఫీసరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. తెల్లజుట్టు, నూలు చుడీదారు, మనిషి నెమ్మది. ఆమెతో వచ్చిన టాక్సీ డ్రైవరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. మా షావుకారుకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. మధ్యలో మాటలు చెప్పేవాణ్ణి నేనే. పెళ్ళికొడుకే పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అయినట్టుంది నా పరిస్థితి.

ఆమె నోరు విప్పకముందే షావుకారు నాతో, "ముందు గామెను అడుగు. నువ్వు గాడ సినిమా తియ్యవని గ్యారంటీ ఇస్తదా?" అన్నాడు.

అడిగాను. ఆమె నవ్వింది. ఆయన నా వైపు వంగి, "ఎందుకు నవ్వుతున్నది?" అన్నాడు గొంతు తగ్గించి.

ఇతను నమ్మదగ్గ మనిషేనా అని ఆమె అడిగింది. షావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేనెవల్ని నమ్మ. మా అన్నను గూడ నమ్మ. ఈయనను పరీక్ష పెట్టిన."

నేను ఆగిపోయాను.

"ఆపకు, చెప్పు గామెకు. ఏండ్ల కింద మా క్యాషియరును నేనే పంపిన, కమీషన్ ఆశ జూపెట్టమని. ఈయన ఒద్దన్నడు. మంచిగనే ఉన్నది. గని ఆ ముచ్చట నాకొచ్చి చెప్పలే. క్యాషియరు దొంగపని చేద్దామన్నడు అనుకున్నడు గద? మరి నాకెందుకు చెప్పలే? ఈయన పైసలు ముట్టడు. గని దోస్తును దాస్తడు. నాకు ఎర్కున్నది గింతే."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని చిన్నప్పటినుంచీ వింటున్నాను. తన్నించుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్ళూ నేను సెట్ల మీద జనాన్ని చూస్తుంటే, నా పక్కన కూర్చున్న మనిషి చేతే నా మీద కన్ను వేయించాడు ఈయన. నా జీవితంలో ఒక్కసారి ఒక్క మనిషిని నమ్మి ఊరుకుంటే, నా మీద మచ్చగా అదే మిగిలింది.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలి నేను. మార్చి చెప్పొచ్చు, ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పాను. అది నా నిజాయితీ అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ కాదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆ టాక్సీ డ్రైవరుకు రెండు భాషలూ వచ్చేమోనని, వాణ్ణి అందుకే తెచ్చిందేమోనని నా అనుమానం.

ఆమె అంతా విని, సూటిగా నన్నే అడిగింది. వాళ్ళ గోదాముల్లో గింజలు మాయమవుతున్నాయట. తీసేవాళ్ళు ఎక్కడివాళ్ళో కాదు, చాలాసార్లు తమతో కలిసి పనిచేసేవాళ్ళే, కలిసి తినేవాళ్ళే. వడ్డించేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు, మీ పని వడ్డించడం కాదు, కనిపెట్టి ఉండటం అంది. రేపు మీ స్నేహితుడే ఒక బస్తా ఇంటికి మోసుకెళితే మాకు చెబుతారా అని అడిగింది.

ఏ పని నుంచి పారిపోదామని ఇంత తంటాలు పడ్డానో ఆ పనికే నన్ను పిలుస్తున్నారు. పైగా అక్కడ దొంగిలించేది మేడలు కట్టుకునే నిర్మాత కాదు, ఇంట్లో పిల్లలకు గింజల్లేని వాడు. వద్దని లేచి వచ్చేస్తే మర్నాడు పొద్దున్నే మళ్ళీ జనరేటర్లు చూసుకోవాలి, సాయంత్రం మళ్ళీ గేటు చప్పుడుకు ఇల్లు మూగబోవాలి. దూరంగా వెళితేనన్నా ఏమైనా మారుతుందేమోనన్న ఆశ చావలేదు.

"ఏమడుగుతున్నది?" అన్నాడు షావుకారు.

ఆ ప్రశ్న ఆయనకు తెలుగులో చెప్పాను. ఆయన కూడా ముందుకు వంగాడు. ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. చెబుతాను అని ముందు ఇంగ్లీషులో అన్నాను, తరవాత తెలుగులో అన్నాను.

"గిప్పుడు నేర్చిండు. తీస్కపొమ్మను" అన్నాడు షావుకారు. ఆమె లేచి నాకు చెయ్యి అందించింది.

సాయంత్రం కిందికి దిగేసరికి క్యాషియరు స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. "ఏమైంది గురువుగారూ?" అన్నాడు.

"వచ్చిందండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. అది చూస్తూ కూడా నేను ఊరుకోలేకపోయాను. "ఆ కమీషన్ మాట అడగమని మిమ్మల్ని షావుకారుగారే పంపారట కదా" అన్నాను.

ఆయన చేతిలో తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది.

"పంపారండీ. ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, వెళ్ళనంటే అనుమానం నా మీదికి తిరిగేది. మీరు సరేనంటే పైకి చెప్పక తప్పదు. చెప్పేవాణ్ణి కూడా. దేవుడి దయవల్ల మీరు వద్దన్నారు. ఆ సాయంత్రమే గుడికెళ్ళి మీ పేరు మీద అర్చన చేయించాను. పూజారి మీ గోత్రం అడిగాడు. నాకు తెలియదు కదండీ, నా గోత్రమే చెప్పేశాను."

అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మనిషి తన గోత్రం ఇంకొకడికి ఇవ్వడం నేనెక్కడా వినలేదు. చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను.

"ఏ గుళ్ళో?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. స్కూటరు స్టార్ట్ చేసి, నేను కూర్చోవడానికి వీలుగా కాస్త ముందుకు జరిగాడు.