జాగ ఇచ్చిన పాత మందు

పొద్దున్నే ల్యాబు తాళం తీసి ఇంక్యుబేటర్ తలుపు తెరవగానే వెచ్చటి గాలి ముఖానికి తగులుతుంది. దాంతోపాటే ఒక వాసన. మాంసం ఉడికించి, ముక్కలు తీసేసి, రసం మాత్రం మూతపెట్టి ఉంచితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. కొత్తగా పనిలో చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, విమల మేడం వెనకాల వచ్చి నిలబడినట్టే ఉంటుంది. ఈ రోజూ అంతే. లోపల పేర్చి ఉన్న పళ్లేల్లో ఒకటి మా మేనకోడలు స్నేహది. ఆ పిల్లకు జ్వరం. రక్తంలో దొరికిన టైఫాయిడ్ క్రిమిని ఆ పళ్లెంలో పెంచి, దాని మీద మందులు పెట్టాను. ఏ మందుకు లొంగుతుందో మూత ఎత్తితే తెలుస్తుంది. మూత మీద చెయ్యి వేశాను గానీ ఎత్తబుద్ధి కాలేదు. ఇలాంటి పళ్లెమే ఒకటి చాలా ఏళ్ల కిందట, ఇదే చంద్రపూర్‌లో, మేడం చేతిలో చూశాను. అది ఈ పిల్ల తండ్రిది, మా తమ్ముడు రవిది.

మేడం అంటే డాక్టర్ విమల. మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ బజారులో తాతల నాటి నుంచి ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్న తెలుగువాళ్ల ఇంటి ఆడపడుచు. నాగపూర్‌లో వైద్యం చదివి, రోగుల నాడి పట్టుకోవడం కన్నా రోగాల క్రిములను పెంచి చూడటమే ఇష్టమని, దుకాణం మీది గదుల్లో ల్యాబు పెట్టారు. ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంటి నెత్తిన కూర్చుని, పొద్దున లేస్తే మాంసపు రసం పొడి నీళ్లలో కలిపి కాచేవారు. క్రిములకు అదే తిండి మరి. కింద గిన్నెలు బేరం చేసే ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చి పైకి చూసేవారు. "ఏందే విమలా, మన దుకాణానికి మటన్ హోటల్ అని పేరొస్తుంది" అని వాళ్లమ్మ మెట్ల కింద నుంచి అరిస్తే, "తినేది నేను గాదమ్మా, పురుగులు. గవి పప్పన్నం ముట్టయ్" అని పైనుంచి జవాబు వచ్చేది. ఆవిడకు ఓర్పంతా క్రిముల దగ్గరే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిటికెడు కూడా మిగిలేది కాదు.

నేను బల్లార్‌పూర్ బొగ్గు గని కార్మికుడి బిడ్డను. మా బాపు ఆదిలాబాద్ పల్లెలో సేద్యం వదిలి గనిలోకి వచ్చినవాడు. మరాఠీ బడిలో చదివి, బీఎస్సీ పూర్తి చేసి, పని అడగడానికి వెళ్తే మేడం నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేశారు. ఒక పళ్లెం చేతికిచ్చి, ఏం కనిపిస్తున్నదో చెప్పమన్నారు. అందులో లేత పసుపు రంగు పొర. దాని మీద అక్కడక్కడ చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోదానికి ఒక్కో మందు అద్ది ఉంది. కొన్ని బిళ్లల చుట్టూ క్రిములు చేరలేక గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. కొన్నిటిని ఒరుసుకుంటూ దట్టంగా పెరిగాయి. "కొన్ని జాగ ఇచ్చినయ్, కొన్ని ఇయ్యలేదు మేడం" అన్నాను. అంతకన్నా మంచి మాట తోచలేదు. మేడం బల్ల మీద చరిచారు.

"బస్, గంతే! పుస్తకాలల్ల పెద్ద పెద్ద పేర్లుంటయ్ గని సంగతి గదే. జాగ ఇచ్చిన మందు పనిచేస్తది. రేపటి సంది రా."

అప్పటి నుంచి మా ల్యాబులో అదే మాట. పొద్దున మెట్లు ఎక్కుతూనే, నేను నమస్తే అనేలోపే, "జాగ ఇచ్చిందా?" అని అడిగేవారు.

ఆవిడ మొండితనం ఒకటి చెప్పాలి. టైఫాయిడ్‌కు ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ అనే మందు రాజులాంటిది. నేను చేరేనాటికి దాని పని అయిపోయింది. ఏ పళ్లెంలో పెట్టినా క్రిములు దాని మీదికి ఎక్కి కూర్చునేవి. డాక్టర్లు రాయడం మానేశారు, మిగతా ల్యాబులవాళ్లు ఆ బిళ్ల పెట్టడమే మానేశారు. మేడం మాత్రం ప్రతి టైఫాయిడ్ పళ్లెంలో ఒక మూల దాన్ని పెట్టించేవారు. చచ్చిన మందుకు బిళ్ల దండగ కదా అని ఒకసారి నోరు జారాను. "బళ్లె హాజరు తీస్తరు సూడు, రాని పోరని పేరు గూడ పిలుస్తరు. ఒకనాడు వచ్చి హాజిర్ అంటడేమో, నీకెరుకనా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ బిళ్ల పెట్టినప్పుడల్లా లోలోపల 'గైర్‌హాజర్' అనుకుంటూ పెట్టేదాన్ని.

విదేశీ సరుకుకు దేశం తలుపులు బార్లా తెరుచుకున్న కాలం అది. బజారులో రంగుల టీవీలు, కొత్త సబ్బులు, కొత్త బళ్లు. మందుల దుకాణాల్లోనూ అదే జాతర. మెరిసే అట్టపెట్టెల్లో రోజుకో కొత్త పేరు దిగేది. జనం దుకాణం ముందు నిలబడి "గట్టి గోళీ ఇయ్యుండ్రి" అని రెండో మూడో విడిగా కొనుక్కుని పోయేవారు. మా గని కాలనీలో ఇంకో ఆచారం ఉండేది. కంపెనీ దవాఖానలో మందులు ఊరికే ఇస్తారు. జ్వరం దిగగానే మిగిలిన గోళీలు దాచిపెట్టి, ఊరికి పోయేవాళ్ల చేత చుట్టాలకు పంపేవాళ్లం. కాజీపేట వైపు రైలెక్కే మావాళ్ల సంచి ఏది విప్పినా గుడ్డ పేలికలో కట్టిన గోళీల ముడి ఒకటి ఉండేది. కంపెనీ గోళీ అంటే ఊళ్లో అంత గౌరవం. కూతురి అత్తగారింటికి సారెతో పాటు గోళీలు పంపిన తల్లులు కూడా ఉన్నారు.

గోళీలు దాచడంలో మా అమ్మ వాళ్లందరికీ పెద్ద. ఒక ఆదివారం మేడంను భోజనానికి పిలిచాను. అమ్మ మాంసం తగలని కొత్త గిన్నెల్లో పప్పు, పచ్చిపులుసు చేసి పెట్టింది. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ మీద పసుపు కుంకుమలతో పాటు ఒక ముడి కూడా పెట్టి ఇచ్చింది.

"గివి కంపెనీ గోళీలు మేడం. మస్తు పనిచేస్తయ్. మీ చుట్టాలల్ల ఎవలికన్న జరమొస్తే రెండు ఏయుండ్రి, దిగుతది."

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరుకు గోళీలు వాయనమిచ్చిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. మేడం మాత్రం రెండు చేతులతో అందుకున్నారు. "ఇంక ఉన్నయా వదినా?" అని మెల్లగా అడిగారు. అమ్మ సంబరంగా అటక మీది బిస్కెట్ల డబ్బా దించి చూపించింది. అడుగు దాకా గోళీలే. ఇన్ని ఎలా మిగిలాయని మేడం అడిగితే, "జరం దిగినంక ఎందుకు మింగుతం మేడం? పారేస్తే పాపం గదా" అంది. నేను పిడుగు పడుతుందని ఎదురుచూశాను. మేడం డబ్బా మూత తనే బిగించి అమ్మ చేతికిచ్చారు. ఆవిడను దిగబెట్టడానికి బస్సులో చంద్రపూర్ వెళ్లేటప్పుడు మాత్రం, నా వైపు చూడకుండానే మాట్లాడారు.

"మీ అమ్మను తిట్టకు పద్మా. అన్నం మిగిలితే దాస్తం, గట్లనే గోళీలు దాసింది. గని సగం మందుకు బలం లేని పురుగులే చస్తయ్. మొండియి బతుకుతయ్, గవే పెరుగుతయ్. రేపు నిజంగ అవసరమొచ్చిననాడు గదే గోళీ ఏస్తే నవ్వి ఊకుంటయ్." ఆవిడ గొంతులో భయం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ భయం మా ఇంటికే వచ్చింది. రవికి ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. అమ్మ వాడి పెట్టెలో పచ్చళ్లతో పాటు గోళీల ముడి పెట్టి పంపింది. అక్కడ జ్వరం వస్తే రెండు మింగేవాడు, తగ్గితే మానేవాడు, మళ్లీ వస్తే మళ్లీ రెండు. చివరికి స్నేహితులు జీపులో వేసుకుని చంద్రపూర్ తెచ్చేసరికి నిలబడలేకపోతున్నాడు. నర్సింగ్ హోంలో డాక్టరుగారు టైఫాయిడ్ అని తేల్చి, అప్పటి కొత్త గోళీలు పూర్తి మోతాదులో ఇచ్చారు. జ్వరం కదల్లేదు. అంతకన్నా పెద్ద ఇంజెక్షన్ మొదలుపెడితే, మొదటిదానికే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆగినంత పనైంది. దాన్ని ఆపేశారు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే పేగుకు చిల్లు పడొచ్చని డాక్టరుగారు బాపును పక్కకు పిలిచి చెప్పారు. అమ్మ మంచం పట్టె మీద తల ఆనించి కూర్చుంది. నా తమ్ముడు పోతాడనే అనుకున్నాను.

మేడం తనే వచ్చి రక్తం తీశారు. క్రిమి పెరిగాక పళ్లెంలో మందులు పెట్టాం. మర్నాడు పొద్దున నేను ముందుగా వెళ్లి ఇంక్యుబేటర్ తెరిచాను. అదే వెచ్చటి వాసన. పళ్లెం ఎత్తి చూస్తే కొత్త మందుల బిళ్లలన్నీ క్రిముల్లో మునిగిపోయి ఉన్నాయి. ఆ ఇంజెక్షన్ బిళ్ల చుట్టూ ఖాళీ ఉంది గానీ అది వాడికి పనికిరాదు. కళ్లు మసకబారాయి. అప్పుడు పళ్లెం మూల ఏదో తెల్లారినట్టు అనిపించింది. పెద్ద ఖాళీ వలయం, మధ్యలో ఆ పాత బిళ్ల. మెట్ల మీద మేడం అడుగుల చప్పుడు, వెంటనే ఆ ప్రశ్న.

"జాగ ఇచ్చిందా?"

"మేడం, రాని పోరడు వచ్చిండు!" అన్నాను. మాట ఏడుపుగా వచ్చింది.

ఆవిడ పళ్లెం లాక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తారు. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆలా రే ఆలా!" అని, వచ్చాడోయ్ వచ్చాడని మరాఠీలో కేక పెట్టారు. కింద దుకాణంలో బేరాలు ఆగిపోయాయి. కొన్నాళ్లుగా ఒకటి రెండు పళ్లేల్లో ఆ బిళ్ల చుట్టూ సన్నటి ఖాళీ కనిపిస్తున్నదట. అనుమానం గట్టిపడేదాకా ఎవరికీ చెప్పదలచుకోలేదట.

డాక్టరుగారు మొదట ఒప్పుకోలేదు. ఆ మందు తాను చదువుకునే రోజుల్లోనే పోయిందని, పైగా ఎవరికో ఒకరికి రక్తం పుట్టడమే ఆగిపోయే ప్రమాదం ఉందని అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. మేడం పళ్లెం ఆయన బల్ల మీద పెట్టి, "మందు మీరివ్వండి, రక్తం నేను చూస్తూ ఉంటాను. తేడా కనిపిస్తే ఆ క్షణమే ఆపేద్దాం" అన్నారు. ఆయన చాలాసేపు ఆ వలయాన్నే చూసి, కలం తీసుకున్నారు.

చీటీ దొరికింది గానీ మందు ఎక్కడా లేదు. బజారంతా తిరిగాం. కొత్త పెట్టెల మధ్య ఆ పేరు చెబితే దుకాణాలవాళ్లు మా ముఖాలు వింతగా చూశారు. చివరికి మేడం పినతండ్రి కొడుకు మందుల దుకాణానికి వెళ్లాం. "అక్కా, గది ఎవలు రాస్తున్నరని పెడ్తం?" అన్నాడు. "ఇగో, ఇయ్యాల రాసిండ్రు. నాగపూర్‌కు ఫోన్ కొట్టు. సాయంత్రం బస్సుల మందు దిగాలె. లేకుంటే నీ దుకాణం ముంగట చాప ఏసుకొని కూసుంట" అన్నారు మేడం. అతనికి అక్క సంగతి తెలుసు. సాయంత్రం బస్సులో మందు దిగింది.

మొదట్లో ఏ మార్పూ లేదు. తర్వాత జ్వరం మెట్టు మెట్టుగా దిగడం మొదలుపెట్టింది. మేడం మాట ప్రకారం వచ్చి వాడి వేలు గుచ్చి రక్తం చూసి పోయేవారు. ఒక పొద్దున రవి కళ్లు తెరిచి, "అక్కా, పచ్చిపులుసుతోని అన్నం పెట్టవా" అన్నాడు. "గంజి తాగు ముందు, పులుసు కావాల్నట నవాబుకు!" అని మేడం గద్దించారు గానీ, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. పోయిన మందు ఎలా తిరిగి వచ్చిందని బాపు అడిగాడు. ఎవరూ వాడకపోయేసరికి దాన్ని తట్టుకునే పురుగులు తగ్గిపోయాయని మేడం చెప్తుంటే, "చేను పంటెయ్యకుంట పడావు పెట్టినట్టన్నట్టు" అన్నాడు బాపు. మేడం ఆ మాట తర్వాత ఎందరికి చెప్పారో లెక్కలేదు.

జ్వరం పోయింది, ఇక గోళీలు చాలని రవి అన్న రోజున మా అమ్మ లేచి నిలబడింది. "నోరు తెరువు. మింగినవా? నాలుక లేపు, సూడనీ" అని, మందు మొత్తం అయ్యేదాకా వాడిని వదల్లేదు. ఆ తర్వాత బిస్కెట్ల డబ్బా తెచ్చి మేడం బల్ల మీద బోర్లించింది. అంతటితో ఊరుకుంటుందా? కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అటకలు దింపించింది. కంపెనీ దవాఖాన వరసలో నిలబడి, "అన్ని మింగాలె, దాసుడు లేదు" అని అందరి వెంటా పడింది. జనం ఆమెను నర్సమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఊరికి పోయే సంచుల్లో గోళీల ముడులు తగ్గి, వాటి చోట మామిడి తొక్కు సీసాలు చేరాయి. మేడం బతికినంత కాలం, తన గెలుపు కన్నా మా అమ్మ గెలుపే పెద్దదని అనేవారు.

మేడం పోయి ఏళ్లవుతోంది. ఆవిడ ల్యాబు ఇప్పుడు నా చేతిలో ఉంది. క్రిములు ఇంకా ముదిరాయి, కొత్త మందులు వచ్చినంత వేగంగా పోతున్నాయి. అయినా ఏ మందునూ ముందుగానే చచ్చిందని అనను. పళ్లెం మూల దాని బిళ్ల దానికి పెడతాను, ఓపికగా పేరు పిలుస్తాను. ఆవిడ నాకిచ్చింది అదే.

ఫోన్ మోగింది. రవి. కూతురికి జ్వరం రాగానే ఒక్క గోళీ వేయకుండా ముందు రక్తం తీయించి పంపినవాడు.

"అక్కా, జాగ ఇచ్చిందా?"

మూత ఎత్తాను. వలయాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. మూలన పాత బిళ్ల చుట్టూ కూడా నిండుగా ఖాళీ.

"ఇచ్చింది రా! మన పాతోడు గూడ హాజిర్!" అన్నాను.

అవతల వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. వాడి వెనకాల నుంచి మా అమ్మ ముసలి గొంతు, ఎప్పటిలాగే ఖంగుమని వినిపించింది.

"ఏ గోళీ రాసినా సరే, అయిపోయేదాక నాలుక లేపి సూస్తనని చెప్పు ఆ పిల్లకు!"